నడిమైదానమున నిలిచిన కుర్రవాడు

*క్రొత్త మిడ్‌ఫీల్డరు తొలి ఆటలలోనే మెరసినచో అభిమానులకు నిద్ర పట్టదు. ఈ ఆనందము టెలివిజనుతో పుట్టినది కాదు. ఒకప్పుడు హైదరాబాదు సీమ పిల్లవాడొకడు కలకత్తా మహానగరమునకే ఈ జాగరణమును రుచి చూపెను.*

చిమ్కోడు బీదరు తాలూకాలోని చిన్న గ్రామము. వానకారు పంట ఇండ్లకు చేరి చేలు ఖాళీ పడిన దినములలో, ఎండ తీక్ష్ణత తగ్గి పశువులు ఇంటిముఖము పట్టు వేళ, ఈ సీమ పల్లెల బయళ్లలో క్రికెట్టు బ్యాటుల చప్పుడే మిక్కిలిగ వినవచ్చునుగాని, ఆ ప్రక్కనే, ఎర్రమట్టి నేలపై ఇటు రెండు రాళ్లు, అటు రెండు రాళ్లు నిలిపి, గాలి సగము పోయిన బంతి వెంట పరుగులిడు పిల్లల గుంపొకటి కూడ కన్నులబడక మానదు. బడిలో కన్నడము చదివి, ఇంట తెలుగు మాటలాడి, ఆటలోనికి దిగిన వెంటనే దక్కనీ నందుకొను ఈ పిల్లల నోట మూడు భాషలును ఒక్క నిమిషమునందే వినబడును. "ఇటు ఇయ్యరా అన్నా, నడిమిట్ల నేనే ఉన్న!" అని యొకడు చేతులెత్తును. "ఇధర్ డాల్ రే!" అని వేరొకడు గద్దించును. వారిలో ఒకని వీపున, సంతలో కొనిన తెల్లని చొక్కాపై, 5 అను అంకెయు, దానిపై బెల్లింగ్‌హామ్ అను పేరును ఉండును.

ఆ పేరు గలవా డేదేశమువాడో, వాని పట్టణ మెచ్చటనున్నదో పటములో చూపుమన్నచో ఆ పిల్లవాడు తడబడవచ్చును. కాని ఆ ఆటగాడు బంతిని ఏ పాదముతో ఆపును, ఆపకముందే తల ఎటు త్రిప్పి చూచును, గోలు పడిన పిమ్మట చేతులెట్లు చాచి నిలుచును అను విషయములు వానికి కంఠస్థములు. అర్ధరాత్రము దాటిన పిదప ఆరంభమగు స్పెయిను దేశపు ఆటలను దుప్పటి క్రింద సెల్‌ఫోనులో చూచి, "పొద్దుగాల బడికి పోయేది లేదా?" అని తల్లి చేత చీవాట్లు తినుట ఈ తరము బాల్యమునందొక భాగమైనది. ప్రతి సంవత్సరమును ఆటల ఋతువు మొదలైన కొలది వారములకే ఏదో ఒక జట్టునందు క్రొత్తగా చేరిన నడిమి ఆటగాని పేరు మారుమ్రోగుటయు, వానినిగూర్చి టీకొట్లవద్ద, బస్సులలో, కళాశాలల మెట్లపై వాదములు చెలరేగుటయు మనము చూచుచునే యున్నాము. ఆ యుత్సాహమునకు మూలమేది, దాని ఫలమెట్టిది, మన సీమకు దానితో గల సంబంధమేది అనునవి విచారింపదగిన విషయములు.

తొలి పది ఆటలు

ఇటీవలి కాలమున ఇట్టి యుత్సాహమునకు నిండైన నిదర్శనము జూడ్ బెల్లింగ్‌హాము ఆరంభమే. ఇంగ్లండు దేశపు స్టౌర్‌బ్రిడ్జి పట్టణమున 2003 లో జన్మించిన ఈ యువకుని తండ్రి పోలీసు శాఖలో సార్జెంటు. ఆయన విధి ముగించుకొని చిన్న చిన్న క్లబ్బుల తరఫున ఆడి గోళ్లు కుప్పలుగ కొట్టినవాడు. కుమారుడు పదునారేండ్లు నిండిన కొలది వారములకే, 2019 ఆగస్టునందు, బర్మింగ్‌హామ్ సిటీ పక్షమున మైదానమున దిగెను. మరుసటి సంవత్సరము అతడు జర్మనీలోని బొరుస్సియా డార్ట్‌మండునకు తరలిపోవునపుడు ఆ క్లబ్బువారు అతడు ధరించిన 22 వ అంకెను ఇక నెవ్వరికిని ఈయమని ప్రకటించిరి. ఒక్క సంవత్సరమాడిన బాలునకు ఇంతటి గౌరవమా యని ఆక్షేపించినవారును ఉండిరి. అయినను ఆ ఊరి ప్రజల హృదయమును అతడెంతగా ఆకట్టుకొనెనో ఆ ప్రకటనమే చెప్పుచున్నది.

2023 జూన్ మాసమున రియల్ మాడ్రిడ్ 103 మిలియను యూరోలిచ్చి అతనిని చేర్చుకొని, పూర్వము జినెదిన్ జిదాను ధరించిన 5 వ అంకె చొక్కాను అతనికిచ్చెను. ఆగస్టు 12 న బిల్బావోలో ఆడిన తొలి ఆటలోనే అతడు గోలు చేసెను. పది ఆటలు ముగియునప్పటికి పది గోళ్లు చేసెను. అక్టోబరు 28 న బార్సిలోనాలో, చిరకాల ప్రత్యర్థులపై, ఓటమినుండి జట్టును పైకెత్తి రెండు గోళ్లు కొట్టెను. అందు రెండవది నిర్ణీత సమయము ముగిసిన పిమ్మట అదనపు నిమిషములలో పడినది. బీటిల్సు బృందము పాడిన "హే జూడ్" అను పాటలో అతని పేరున్నందున మాడ్రిడు ప్రేక్షకులు దానినే గొంతెత్తి పాడనారంభించిరి. ఆ సంవత్సరము జట్టు స్పెయిను లీగును, ఆపై చాంపియన్స్ లీగును కూడ గెలిచెను. ఆ చివరి ఆటలో, 2024 జూన్ 1 న, లండనులో ఓడిపోయిన జట్టు అతని పూర్వపు డార్ట్‌మండే.

ముందువరుసవాడు గోలు కొట్టినపుడు లోకమంతయు చూచును. గోల్‌కీపరు బంతిని పట్టినపుడును అంతే. నడిమివాని పని వేరు. పెండ్లింట వంటశాలకును పందిటికిని నడుమ నిలిచి, ఏ పంక్తికి ఏ వంటకము ఎప్పుడు చేరవలెనో చూచుకొను పెద్దమనిషివంటివాడతడు. అతడున్నాడని అతిథులకు తెలియదు గాని, లేనినాడు మాత్రము అందరికిని తెలియును. అందుచేతనే నడిమైదానమునకు మంచివాడు దొరకగనే జట్టంతయు ఒక్కసారిగ ఊపిరి పీల్చుకొన్నట్లగును. నిన్నటివరకు బంతి అందక దిక్కులు చూచిన ముందువరుసవాడు నేడు పదునెక్కును, వెనుకవరుసవాడు నిబ్బరముగ నిలుచును. ఒక్కని రాకచే పదిమంది క్రొత్తవారైరని ప్రేక్షకుడు కన్నులార చూచును. అతడు పట్టలేని సంతోషముతో నడిరాత్రి కేక వేయుటలో నాకు తప్పేమియు కనబడదు. పిచ్చియని పెద్దలు విసుగుకొనుచున్న ఈ భావము, ఒకని సామర్థ్యమును మరియొకడు అసూయలేక ఆనందించుటయే యని నా యభిప్రాయము.

పదునేడేండ్ల హైదరాబాదీ

బీదరు జిల్లా 1956 అక్టోబరు 31 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. మరునాడు రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగి, జిల్లాలోని కొన్ని తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు, కొన్ని బొంబాయి రాష్ట్రమునకు పోగా, బీదరుతో కూడ మిగిలిన భాగము మైసూరు రాష్ట్రమున చేరినది. ఈ నాటికిని ఇచ్చటి వారికి హైదరాబాదు సుమారు నూటనలుబది కిలోమీటర్లు, బెంగుళూరు దాదాపు ఏడు వందల కిలోమీటర్లు. కావున హైదరాబాదు ఫుట్‌బాలు కథను చెప్పునపుడు చిమ్కోడు పిల్లవానికి పరాయి కథ చెప్పుచున్నామను సంకోచము నాకు లేదు.

మహమ్మద్ హబీబు 1949 లో హైదరాబాదున జన్మించెను. 1965-66 సంతోష్ ట్రోఫీ పోటీలలో ఆంధ్రప్రదేశ్ జట్టు, ఆటకు పుట్టినిల్లని పేరొందిన బెంగాలును చివరి ఆటలో ఓడించి విజేతయైనపుడు ఆ జట్టులోని పిన్నవాడతడు. ఓడిపోయినవారే అతని విలువను మొదట గ్రహించిరి. 1966 లో కలకత్తాకు చెందిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అతనిని పిలిపించుకొనెను. పదునేడేండ్ల బాలుడు భాష తెలియని, భోజనము సరిపడని, వానలో మోకాలిబంటి బురదయగు మైదానముల నగరమునకు, ఒక్క ఓటమికి వీధులు వీధులే పస్తుండు అభిమానుల నడుమకు పోయి నిలిచెను. ఆ ఏడే ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగును, ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలుచుకొనెను. ఆరంభమన నిట్టిది!

ఆకారమున అతడు పొట్టివాడు, బక్కవాడు. ముందువరుసకును నడిమివరుసకును మధ్య ఎడతెగక తిరుగుచు, తాను పోగొట్టిన బంతిని తానే పరుగిడి తిరిగి తెచ్చుకొను పట్టుదల అతనిది. కలకత్తా జనులు అతనిని "బడే మియా" అని పిలిచిరి. అన్నగారను గౌరవము ఆ పిలుపులో నున్నది. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అను మూడు మహా క్లబ్బులలోను ఆడి, మూడింటి అభిమానులచేతను ప్రేమింపబడుట ఆ నగరమున సామాన్య విషయము కాదు. ఉద్యోగమిచ్చెదము, ఆటతోపాటు జీతమును తీసికొనుమని పిలిచిన సంస్థలను కాదని, ఆటయే తన వృత్తియని నిలిచిన ధీరుడతడు. నాటి భారతదేశమున ఆ మాట అనుటకు గుండె కావలెను.

1977 సెప్టెంబరు 24. ముందటి వానకు ఈడెన్ గార్డెన్సు తడిసి ముద్దయై యుండెను. అమెరికాకు చెందిన కాస్మాస్ జట్టుతో వచ్చిన పేలే ఆ బురదలో ఆడునా, ఆడడా యని నగరమంతయు ఉగ్గబట్టి చూచుచుండెను. మూడు ప్రపంచ కప్పుల విజేత తుదకు దిగెను. మోహన్ బగాన్ పక్షమున అతని నెదిరించినవారిలో హబీబొకడు. బ్రెజిలు మాజీ నాయకుడు కార్లోస్ అల్బెర్టో మొదటి గోలు కొట్టగా, వెంటనే శ్యామ్ థాపా దానిని సరిచేసెను. పిదప హబీబు కొట్టిన గోలుతో మోహన్ బగాన్ ముందడుగు వేసెను. పెనాల్టీ వలన కాస్మాస్ గట్టెక్కి ఆట 2-2 గా ముగిసెను. పేలే ఈ హైదరాబాదీని ప్రత్యేకముగా మెచ్చుకొనెనని కలకత్తావారు నేటికిని చెప్పుకొందురు. పదునొకండేండ్ల క్రిందట ఈ బాలునిలో తాము చూచినది నిజమేయని ఆ దినమున వారికి లోకము సాక్ష్యము చెప్పినట్లయ్యెను.

> మహమ్మద్ హబీబు
>
> జననము: 1949 జూలై 17, హైదరాబాదు.
>
> 1970 బ్యాంకాకు ఆసియా క్రీడలలో కాంస్య పతకము గెలిచిన భారత జట్టు సభ్యుడు. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీనుకూడ హైదరాబాదువాడే. ఆ పిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశమునకు పతకము రాలేదు.
>
> 1980 లో అర్జున పురస్కారము.
>
> తమ్ముడు అక్బరుకూడ కలకత్తా మైదానముల ప్రసిద్ధుడే.
>
> మరణము: 2023 ఆగస్టు 15, హైదరాబాదు.

బడిపంతులు పెట్టిన పోటీలు

హబీబు గాలినుండి ఊడిపడలేదు. అతనికి ముందు రెండు దశాబ్దములు హైదరాబాదులో ఒక ఉపాధ్యాయుడు చేసిన కృషి యున్నది. సయ్యద్ అబ్దుల్ రహీము ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ ప్రాంతముల పాఠశాలలలో పాఠములు చెప్పి జీవించినవాడు. ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దెను. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. 1950 లోనే మోహన్ బగానును ఓడించి డ్యూరాండ్ కప్పును ఇంటికి తెచ్చెను.

నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఈ కప్పుల లెక్క కాదు. రహీము తన నగరమున చిత్రమైన పోటీలను ఏర్పరచెను. ఒక పోటీలో బంతిని కాలివద్ద ఉంచుకొని మెలికలు త్రిప్పరాదు, అందిన వెంటనే మరియొకనికి ఈయవలెను. వేరొక పోటీలో కుడికాలివాడు ఎడమకాలితోనే, ఎడమకాలివాడు కుడికాలితోనే ఆడవలెను. జట్టునకు అయిదుగురు చొప్పున ఆడు చిన్న పోటీలును ఉండెడివి. నడిమివానికి కావలసిన విద్య యంతయు ఇందున్నది. బంతి రాకముందే ఎవరెచ్చటనున్నారో చూచి యుండుట, తన మోజును అణచుకొని తోటివానికి అందించుట, రెండు పాదములకును సమానముగ నేర్పుట అను మూడు గుణములును ఖర్చులేని ఈ నియమముల వలననే అబ్బినవి. దీనికి గడ్డి మైదానమక్కరలేదు. బడి వెనుకనున్న బయలు చాలును.

సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టిన తుళసీదాస్ బలరాముడు ఆ విద్యకు మరొక వారసుడు. పేదయింటి పిల్లవాడగుటచే నగరమునకు వచ్చి సాధన చేయుటకు దారి లేకపోగా, రహీము అద్దె సైకిలునకు డబ్బిచ్చి అతనిని రప్పించెను. ఆ సైకిలు పిల్లవాడు 1956 లో మెల్‌బోర్ను ఒలింపిక్సుకు పోయిన భారత జట్టులో చోటు సంపాదించెను. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించి నాలుగవ స్థానమున నిలిచెను. 1960 రోము ఒలింపిక్సులో బలరాముడు హంగెరీపై నొకటి, పెరూపై నొకటి గోళ్లు చేసెను. అనారోగ్యము వలన ముప్పది నిండకముందే ఆట మానవలసి వచ్చినను, 2023 ఫిబ్రవరిలో అతడు మరణించినపుడు బెంగాలున అతని తొలి ఆటలను తలచుకొని కన్నీరు పెట్టిన వృద్ధులు లేకపోలేదు.

> రహీము యుగము
>
> 1951 న్యూఢిల్లీ ఆసియా క్రీడలు: ఇరానుపై 1-0, స్వర్ణము.
>
> 1962 జకార్తా ఆసియా క్రీడలు: దక్షిణ కొరియాపై 2-1, స్వర్ణము.
>
> జకార్తా నాటికే క్యాన్సరుతో బాధపడుచుండిన రహీము 1963 జూన్ 11 న మరణించెను. ఆయన జీవితము ఆధారముగ "మైదాన్" అను హిందీ చిత్రము 2024 ఏప్రిలులో విడుదలయ్యెను.

ఊట ఎందుకు ఎండెను?

హైదరాబాదు ఉత్తమ ఆటగాండ్రను కలకత్తా పిలిచెను. వారు పోయిరి. పోవుట వారి తప్పు కాదు. ఇచ్చట పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లలో కానిస్టేబులు, గుమాస్తా ఉద్యోగములే ఆటకు ఆధారములు. ఉద్యోగము లీయబడినంతకాలము జట్లు నిలిచినవి, ఉద్యోగములు తగ్గగనే జట్లు సన్నగిల్లినవి. 1983 ప్రపంచ కప్పుతో క్రికెట్టు ఇంటింట చొచ్చెను. నగరము పెరిగిన కొలది బయళ్లు భవనములైనవి. పోయినవారి స్థానమున క్రొత్తవారిని తయారుచేయు రహీము వంటి పంతులు మరల రాలేదు.

2019 లో హైదరాబాద్ ఎఫ్.సి. స్థాపింపబడినపుడు పాత అభిమానులలో ఆశ చిగిర్చెను. 2022 మార్చి 20 న గోవాలో కేరళ బ్లాస్టర్సుతో జరిగిన ఇండియన్ సూపర్ లీగు చివరి ఆటలో, ఓటమి తప్పదనుకొన్న 88 వ నిమిషమున, ఒకని బదులు దిగిన నడిమివాడు సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన గోలుతో ఆట సమమయ్యెను. పెనాల్టీలలో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపి కప్పును హైదరాబాదునకు తెచ్చెను. ఆ రాత్రి చార్మినారు వీధుల కుర్రవాండ్రకు తవోరా పేరు హబీబు పేరంత తీయనిదయ్యెను. కాని ఆర్థిక సంకటములు చుట్టుముట్టి, 2025 లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయెను. అభిమానము నిలిచినది గాని అది చేరుటకు ఇల్లు లేకుండ పోయినది. దీనిని తలచినప్పుడెల్ల నాకు దుఃఖము కలుగును.

ప్రేమయే భారమైనపుడు

తొలి మెరుపును చూచి మురియుట వేరు, ఆ మెరుపే ప్రతిదినమును కావలెనని పట్టుబట్టుట వేరు. ఫ్రెడ్డీ అడూ అను బాలుడు 2004 ఏప్రిలులో పదునాలుగేండ్ల ప్రాయముననే అమెరికా ప్రధాన లీగున దిగి, ఆ నెలలోనే గోలు చేసి, రెండవ పేలే యని కొనియాడబడెను. ఆ పోలిక అతనిని ఆడినంతకాలము వెంటాడెను. దేశదేశముల క్లబ్బులు మారి, తాననుకొన్న యెత్తునకు చేరకయే అతడు ఆట ముగించెను. పదునాలుగేండ్ల భుజములపై అంతటి పేరు మోపినది ఎవరు? పత్రికలు, వ్యాపారులు, మనవంటి ప్రేక్షకులు. హబీబునకు కలకత్తా చేసిన మేలు వేరు. అది అతనిని తిట్టెను, పొగడెను, ఓటమినాడు కోపించెను, కాని దశాబ్దమున్నరకు మించి వదలక చూచెను. పేలే యెదుట నిలిచిన ఆటగాడు ఆ దీర్ఘకాలపు శ్రద్ధలో పెరిగినవాడు.

కావున క్రొత్తవాని తొలి పది ఆటలను ఎంత ప్రేమతో చూతుమో, వాని కాలు బెణికి కూర్చున్న రెండవ ఏటిని, పాసులు తప్పుచున్న మూడవ ఏటిని కూడ అంతటి ఓర్పుతో చూచినవాడే నిజమైన అభిమాని యని నేను నమ్ముచున్నాను.

> తండానుండి జాగ్రెబునకు
>
> నిజామాబాదు జిల్లా కిసాన్ నగర్ తండాకు చెందిన గుగులోత్ సౌమ్య 2022 లో క్రొయేషియాకు చెందిన డైనమో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరెను. 2024-25 లో ఈస్ట్ బెంగాల్ మహిళలు ఇండియన్ ఉమెన్స్ లీగును గెలిచినపుడు ఆమె ఆ జట్టులో నుండెను. ఆ సంవత్సరమునకు దేశపు ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఎన్నుకొనెను. హబీబు కలకత్తాకు పోయిన అరువదేండ్లకు దగ్గరగా, అదే క్లబ్బునందు, మరల ఒక తెలుగు సీమ బిడ్డ!

చేయదగినది

సౌమ్య పుట్టిన తండాకు బీదరు దూరము కాదు. అచ్చట సాధ్యమైనది ఇచ్చట అసాధ్యమగుటకు కారణము నాకు తోచదు. బీదరు పట్టణమున నెహ్రూ క్రీడాంగణమున్నది. పల్లెలలో బళ్లున్నవి, బళ్ల వెనుక బయళ్లున్నవి, అర్ధరాత్రి మేలుకొని ఆట చూచునంతటి ఆసక్తిగల పిల్లలున్నారు. లోపించినది వారిని వరుసలో నిలిపి ఈల యూదు పెద్దదిక్కు మాత్రమే.

చిమ్కోడు, దాని చుట్టుప్రక్కల గ్రామముల పంచాయతీ పెద్దలకును, ప్రధానోపాధ్యాయులకును ఇది నా విన్నపము. ఈ సంవత్సరము పంట కోతలు ముగిసిన పిమ్మట గ్రామమునకొక జట్టు చొప్పున, జట్టునకు అయిదుగురు చొప్పున, బాలురకును బాలికలకును ఒక పోటీ పెట్టుడు. బంతిని ఎవడును తనవద్ద ఉంచుకొనరాదను రహీము నియమమునే దానికి నియమముగ పెట్టుడు. గెలిచినవారికి కప్పు లేకపోయినను సరే, ఓడినవారికి కూడ ఒక్కొక్క మంచి బంతి ఇచ్చి పంపుడు.